ఆకుచుట్టు పురుగు

కొలిమి రామయ్య పటకారు తెచ్చి మల్బరీ తోట గట్టు మీద పెట్టాడు. దాన్ని చూడగానే పాపక్క నాలుక తనకు తెలియకుండానే ముందరి పళ్ళను తడుముకుంది.

చేతబడి చేసేవాళ్ళకు ఆ ఊళ్ళో ఒకటే మందు. పళ్ళు పీకేస్తారు. పళ్ళు లేని నోట మంత్రం పలకదట.

తోట పెద్దమునియప్పది. విమానాల్లోంచి దూకే సిపాయిల గొడుగులకు పట్టు కావాలని బెంగళూరు దొరలు ఎగబడి కొంటున్న కాలం. అలాంటప్పుడు అతని తోటలో కొనల ఆకులన్నీ తమలపాకు చిలకల్లా చుట్టుకుపోయాయి. విప్పితే తెల్లటి దారాలు, నల్లటి నలుసులు. మంత్రించిన నువ్వులన్నారు. ఇంట్లో తట్టల మీది పట్టుపురుగులు మేత మాని చచ్చాయి. ఆకు కోసే కూలి పాపక్క. మొగుడు పోయిన మనిషి. తెల్లవారుతూనే ఒంటరిగా ఆకులు తిప్పి తిప్పి చూస్తుండగా చూసినవాళ్ళు ఉన్నారు. ఊరికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

“చేతబడి కాదప్పా. అది పురుగు. ఆకును అదే చుట్టుకుంటాది,” అంది పాపక్క.

“పురుగుకు నూలు యాడిది?” అన్నాడు పెద్దమునియప్ప.

పట్టుపురుగుల మీద బతికే మనిషి అడిగిన మాట అది. ఒక్కరూ నవ్వలేదు.

“మీ తట్టల్లో పురుగుకు యాడిదో దీనికీ ఆడిదే.”

“నోరు బాగా ఆడతా ఉండాది. ఆడనీ, ఆడినంతసేపు,” అన్నాడు రామయ్య.

పెద్దమునియప్ప చెయ్యెత్తి ఆపాడు. ఆకులు తానూ విప్పి చూశాననీ, ఏ పురుగూ కనబడలేదనీ చెప్పాడు. ఇప్పుడు అందరి ఎదుటా చూపిస్తే ఆమె దారిన ఆమె ఇంటికి పోవచ్చునన్నాడు.

పాపక్క దగ్గరున్న కొన అందుకుని ఆకు విప్పింది. దారాలు, నలుసులు. పురుగు లేదు. ఇంకొకటి విప్పింది. అదీ ఖాళీ. వెనక పటకారు ఒకసారి తెరుచుకుని మూసుకున్న చప్పుడు. మూడో ఆకు విప్పబోయి ఆగింది. జనం తొక్కిడికి చెట్లన్నీ ఊగుతున్నాయి.

“అందరూ గట్టు అవతలికి పోండప్పా. అలికిడైతే అది నూలు పట్టుకోని దిగి పారిపోతాది.”

జనం వెంటనే వెనక్కి జరిగారు. ఆమెకు దూరంగా ఉండటమే వాళ్ళకూ కావాలి.

పాపక్క ముడుచుకుని ఉన్న ఒక కొన ముందు గొంతుక్కూర్చుంది. ఎడమ అరచెయ్యి దాని కింద పట్టింది. మోచేతిని మోకాలికి అదిమి చెయ్యి కదలకుండా నిలిపింది. ఎండకు నెత్తి మాడుతోంది. ఆకు కదలలేదు. చివరికి పెదవులు ఆకు చుట్ట దగ్గరికి చేర్చి మెల్లగా ఊదింది.

చుట్ట అవతలి కొసలోంచి పచ్చటి పురుగు వెనక్కి జారి, సన్నటి నూలు పట్టుకుని దిగి, అరచేతిలో పడి మెలికలు తిరిగింది.

ఆమె లేచి చెయ్యి చాపి చూపించింది. జనం మెడలు సాచి చూశారు. ఎవరో నిట్టూర్చారు. “పురుగే,” అన్నాడు పెద్దమునియప్ప. రామయ్య పటకారును సంచిలో వేశాడు.

పాపక్కకు ప్రాణం లేచి వచ్చింది. అడగకపోయినా అన్నీ చెప్పుకొచ్చింది. “దీని తల్లి ఇంత రెక్కల పురుగప్పా. పగలంతా ఆకు అడుగున అతుక్కోని ఉంటాది. పొద్దు గూకినాక ఎగిరి కొనల్లో గుడ్లు పెడతాది. దీని పెంట అంటిన ఆకు మీ పురుగులు ముట్టవు. కొనలు తుంచి కాల్చండి. కింద రాలిన ఆకూ ఊడ్చి కాల్చండి, రెక్కలు వచ్చేదాకా అది పండుకునేది ఆడనే.”

చెప్పడం అయ్యాక గట్టు మీద కూలబడింది. పెద్దమునియప్ప పెళ్ళాం అక్కయమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. పాపక్క దోసిలి పట్టింది.

పెద్దమునియప్ప ఆ ఆకు చుట్ట వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నిదానంగా అన్నాడు.

“మేము ఇన్ని ఆకులు విప్పితే ఒక్కటీ కనపడలేదు. ఈమె నోరు దగ్గర పెట్టి ఊదితే వచ్చి చేతిలో పడె.”

అక్కయమ్మ చెంబు వెనక్కి తీసుకుంది.

“ముందరి పళ్ళు చాలు రామయ్యా,” అన్నాడు పెద్దమునియప్ప. “ఊదేది వాటితోనే.”