నీళ్ల పీపా బండి

"నీళ్లు రాలేదు సామీ. సిమెంటూ ఇసుకా కలిపినవి కలిపినట్లే పడుండాయి."

గుమ్మంలో నిలబడి మేస్త్రీ సోమప్ప అన్న మాటకు వెంకోబారావు చేతిలోని ఎర్ర పెన్సిలు బల్ల మీద పడేసినాడు. ఈ వారంలో ఇది నాలుగోసారి.

ఆదోనిలోని ఆ పత్తి మిల్లులో కొత్త షెడ్డు కడతాండారు. బొంబాయి పోయొచ్చిన చైర్మన్‌కు ఒక ఆలోచన పుట్టింది.

"పెద్ద కంపెనీల్లో ప్రాజెక్టు ఆఫీసని ఉంటాదంట. ఏ పని ముందు, ఏ పని వెనక అని అందరికీ అదే చెప్తాదంట. మనమూ పెడదాం."

గుమాస్తా వెంకోబారావును పిలిచి ఒక గది, ఒక బల్ల, గోడకు కొట్టుకునేదానికి ఇంత పొడుగు చార్టు ఇచ్చినాడు.

"దసరాకు కొత్త మిషను తిరగాల. తిరగలేదంటే గదికి బీగం, నీకు పాత కుర్చీ."

ఇంట్లో కృష్ణవేణి అప్పటికే మా ఆయన ఆఫీసరయినాడని వీధంతా చెప్పేసింది.

ఆగిపోయిన పని పక్కన చార్టులో ఎర్ర పెన్సిలుతో కారణం రాయాల. మిషను నిలబెట్టే కాంక్రీటు దిమ్మె ఆగింది. కారణం, నీళ్లు. గోడల ప్లాస్టరింగు ఆగింది. కారణం, నీళ్లు. రాసీ రాసీ పెన్సిలు సగమయింది.

మిల్లు బావి ఎండి చానా ఏండ్లయింది. స్టేషను పక్క బావిలో తోడి, ఒంటెద్దు పీపా బండిలో నీళ్లు తెచ్చేది గిడ్డయ్య ఒక్కడే.

వెంకోబారావు ఆయన్ను పిలిపించినాడు.

"ఏమప్పా గిడ్డయ్యా, దిమ్మె కాడికి నీళ్లెందుకు తోల్లేదు?"

"రేపు తోల్తా సామీ."

"నిన్నా ఇదే చెప్పినావు. ఈ పొద్దు బండి యాడికి పోయింది?"

"గేటు కాడి గోడకు."

"ఆ గోడ ఎవరడిగినారు నిన్ను? దిమ్మె కదా ముందు."

"అది కాదు సామీ, ఆ దిమ్మెకు ఇంకా..."

"నాకు కథలు చెప్పొద్దు. ఏది ముందో, ఏది వెనకో చెప్పేదానికే ఈ ఆఫీసు ఉండేది. నీకూ ఒక ఫారం ఇస్తా. ఏ పూట యాడ పోసినావో రాసి తేవాల."

"నాకు రాసేది రాదు సామీ."

ఏం చేయాల ఈ మనిషిని? వెంకోబారావు తల పట్టుకున్నాడు.

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. ఓపిక పట్టీ పట్టీ విసుగెత్తిపోయి, చైర్మన్‌తో మాట్లాడి ట్రాక్టరు ట్యాంకరు తెప్పించినాడు. రేపటినుంచి రావొద్దని గిడ్డయ్యకు చెప్పేసినాడు.

గిడ్డయ్య ఎద్దు మెడ నిమిరినాడు.

"దిమ్మె కాడ చూసుకోండి సామీ" అని మాత్రం అని బండి తోలుకుని పోయినాడు.

పోతా పోతా నాకే బుద్ధి చెప్తాడు, అనుకున్నాడు వెంకోబారావు.

ట్యాంకరు అడిగినోనికల్లా నీళ్లు పోసింది. పది రోజుల్లో దిమ్మె లేచింది. గోడలు నున్నగా అయినాయి. చైర్మన్ భుజం తట్టినాడు. వెంకోబారావు ఎర్ర పెన్సిలును సొరుగులో పెట్టేసినాడు.

ఆ తర్వాత కోయంబత్తూరు నుంచి మిషను, బోల్టుల పెట్టె దిగినాయి. మిషనును బిగించే ఆ బోల్టులు దిమ్మె పోసేటప్పుడే అందులో నిలబెట్టాలంట. గట్టిపడిన దిమ్మెలో యాడ నిలబెడతారు? పగలగొట్టినారు. కరెంటు మాదన్న వైర్ల పైపులు తెచ్చి, అవి లోపల పెట్టేదానికి నున్నటి గోడలన్నీ గాడులు పడేట్టు తవ్వినాడు.

ఆయుధ పూజ నాటికి మిషను ఇంకా పెట్టెలోనే ఉంది.

"ఇన్నేండ్లలో ఈ మిల్లులో ఇట్లా ఎప్పుడూ కాలేదు సామీ" అన్నాడు సోమప్ప.

"ఎందుకు కాలేదు? అప్పుడు చెప్పేదానికి ఆఫీసు కూడా లేదు కదా."

"గిడ్డయ్య ఉండె కదా. నిన్న స్టేషను కాడ హమాలీలు చెప్పినారు, మా మిల్లు బోల్టులు దిగినాయా అని రోజూ అడుగుతాండెనంట. అవి దిగలేదనే దిమ్మె కాడికి బండి తోల్లేదు. పైపులు పడని గోడకు చెంబెడు నీళ్లియ్యలేదు. నీళ్లు లేంది మేమేం చేస్తాం, ఊరికే కూర్చుంటిమి. ఒళ్లు వంగదు వానికి అని తిట్టుకుంటిమి."

"నాకు చెప్పొచ్చు కదా ఆ మాట."

సోమప్ప నేల చూసినాడు. "చెప్పబోయినాడంట కదా సామీ."

వెంకోబారావు సైకిలెక్కి గిడ్డయ్య ఇంటికి పోయినాడు. తలుపు మూసి ఉంది. వాకిట్లో పీపా ఎండిపోయి, చెక్కలు విడిపోయి పడి ఉంది.

"ఎద్దును ఎమ్మిగనూరు సంతలో అమ్మేసినాడప్పా" అంది పక్కింటి హులిగమ్మ. "నందవరం పక్క ఇటుకల బట్టీకి పోయినారు మొగుడూ పెండ్లాం. ఇంక రారంట."

తిరిగి మిల్లుకొచ్చేసరికి ఆఫీసు గదికి వాచ్‌మన్ బీగం వేస్తాండాడు.

తాను ఈ మిల్లులో ప్రాజెక్టు ఆఫీసు పెట్టలేదని, ఇన్నేండ్లుగా ఒంటెద్దు వెనక నడుస్తా ఉన్న ఆఫీసునే తన చేత్తోనే గేటు బయటికి పంపేసినానని వెంకోబారావుకు ఆ బీగం ముందర నిలబడినప్పుడు తెలిసొచ్చింది.