ముట్టీముట్టనట్టు

పిల్లల మానసిక వైద్యుడి గది బయట కుర్చీలు ఖాళీగా ఉన్నా, ఆ మనిషి వచ్చి నేలమీద కూర్చున్నాడు.

అదీ, అక్కడ ఎదురుచూస్తున్న ఒకామె కొడుకు పక్కనే.

నాలుగేళ్ల పిల్లాడు సీసామూతల్ని వరసగా పేరుస్తున్నాడు. పరాయివాళ్లు దగ్గరికొస్తే చెవులు మూసుకుని కేకలు పెట్టేవాడు, ఈసారి పెట్టలేదు. ఒక మూత దొర్లిపోతే ఆ మనిషి తీసి మళ్లీ వరసలో పెట్టాడు. పిల్లాడు ఊరుకున్నాడు.

తల్లికి ఒళ్లు మండింది. కన్నతల్లి చెయ్యి వేస్తేనే విదిలించుకునేవాడు, దారినపోయే దానయ్యని మాత్రం పక్కన కూర్చోనిచ్చాడు.

ఆ మనిషికి నలభై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. ఆమె ముఖం వంక చూడకుండా, గోడకేసి చూస్తూ అన్నాడు.

"తప్పు మీది కాదు."

"ఎవరండీ మీరు?"

"పిల్లాణ్ణి పంపకండి. తప్పు మీది కాదు."

పాఠం అప్పజెప్పినట్టు, రెండుసార్లూ అదే గొంతు.

ఆమె టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసేది. కొడుకుకి మాట రాలేదని ఇక్కడికి తీసుకొస్తే, డాక్టరు వాడికన్నా ఆమెనే ఎక్కువ పరీక్ష చేశాడు. వాణ్ణి ఎత్తుకునేవారా? పాలెన్నాళ్లిచ్చారు? అసలు బిడ్డ కావాలనుకునే కన్నారా? చివరికి తేల్చేశాడు.

"ముట్టీముట్టనట్టు పెంచారు. అందుకే వాడు లోపలికి ముడుచుకుపోయాడు."

"రోజూ గుండెకి హత్తుకునే పడుకోబెట్టేదాన్నండీ."

"మీరలాగే అనుకుంటారు. ఇది నా మాట కాదమ్మా, శాస్త్రం చెప్పిన మాట."

శాస్త్రం అన్నాక ఇంక నోరెత్తేదెవరు? భర్త తల దించుకున్నాడు. అత్తగారు ఆ మాటని చుట్టాలందరికీ పంచిపెట్టింది. "ఊరందరికీ హలో చెబుతుంది, కన్నకొడుకు దగ్గర మాత్రం మాటల్లేవు."

ఆమె ఉద్యోగం మానేసింది. అయినా పిల్లాడు పలకలేదు. అప్పుడు డాక్టరు, తల్లి నీడ పడకుండా వాణ్ణి వసతి గృహంలో ఉంచాలన్నాడు.

ఆ రోజు అప్పగించడానికే వచ్చింది.

"డాక్టరుకి తెలియనిది మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"మీరూ డాక్టరేనా?"

"కాదు. రేడియోలు బాగుచేస్తాను."

"అయితే రేడియోల సంగతి చూసుకోండి."

తలుపు తీసుకుని డాక్టరు బయటికొచ్చాడు. ఆ మనిషిని చూడగానే ముఖం మాడిపోయింది.

"మళ్లీ వచ్చావా?"

"తల్లుల్ని ఏడిపించకండి. తప్పు వాళ్లది కాదు."

డాక్టరు చిటికేశాడు. కాపలావాడు వచ్చి జబ్బ పట్టుకున్నాడు. ఆ మనిషి రెండు చెవులూ మూసుకుని పెద్దగా అరిచాడు. కాపలావాడు మెట్ల దాకా ఈడ్చుకుపోయాడు.

"బుర్ర సరిగాలేని మనిషి, పట్టించుకోకండి," అన్నాడు డాక్టరు.

"ఇలాంటివాళ్లని లోపలికెందుకు రానిస్తారండీ?" అంది ఆమె.

ఆ సాయంత్రమే కొడుకుని అప్పగించింది.

వాడికి నూనూగు మీసాలొచ్చాక, ఇంటికి తీసుకెళ్లమని కబురొచ్చింది. వచ్చినవాడు, తినమని ఎవరైనా చెప్పేదాకా పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు. తలుపు దగ్గర నిలబడి, బయటికి వెళ్లొచ్చో లేదో ఎవరైనా చెబుతారని చూసేవాడు. అది ముడుచుకుపోవడం కాదు. ఎవరో మడతపెట్టి పంపారు.

పాత డాక్టరు రిటైరయ్యాడు. ఆ కుర్చీలో ఇప్పుడొక డాక్టరమ్మ ఉంది.

"పెంపకానికీ దీనికీ సంబంధం లేదమ్మా," అంది ఆవిడ మెల్లగా. "ఇది పుట్టుకతో వచ్చేది. శాస్త్రం ఇప్పుడు తేల్చింది."

"అప్పుడు చెప్పిందీ శాస్త్రమే కదండీ?"

"అప్పట్లో అలా అనుకున్నారు."

"అనుకున్నారా?"

ఆమె గొంతు పెరగలేదు.

"అనుకోవడానికి మీకు మా పిల్లలే దొరికారా? మీరు అనుకున్నన్నాళ్లూ నేను నా కొడుకుని చూడ్డానికి గేటు బయట నిలబడ్డాను. లోపలికి రానివ్వలేదు, నా గాలి సోకకూడదట. మా అత్తగారు పోయేముందు కూడా నా చేత్తో మంచినీళ్లు తాగలేదు. శాస్త్రం మాట మార్చిందని ఆవిడకెవరు చెబుతారు? మా ఆయనకి నా మీదున్న అనుమానాన్ని ఎవరు కడుగుతారు? నా చెవిలో చెప్పిన ఈ మాటని, మా చుట్టాల ఇంటింటికీ వచ్చి చెబుతారా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మీకంటే ముందే ఈ మాట ఒకాయన చెప్పాడు. ఈ గది బయటే, నేలమీద కూర్చుని. రేడియోలు బాగుచేస్తానన్నాడు. మీవాళ్లు గెంటేశారు. నేనూ నానా మాటలన్నాను. ఆయన్ని ఒక్కసారి చూడాలి."

"పోయిన చలికాలంలో చనిపోయారమ్మా."

ఆమె తలుపుకేసి చూసింది. తర్వాత అడిగింది.

"డాక్టరు కాదు కదా, ఆయనకెలా తెలిసింది?"

డాక్టరమ్మ తలెత్తలేదు.

"తల్లుల పెంపకమే కారణమని మొదట చెప్పిన పెద్ద డాక్టరు, ఒకే ఒక్క పిల్లాణ్ణీ వాడి తల్లినీ చూసి చెప్పాడు. ఆ పిల్లాడు ఈ జన్మలో మాట్లాడడని కూడా రాశాడు. దేశదేశాల్లో డాక్టర్లందరం దాన్నే పాఠంగా చదివాం."

"అయితే?"

"ఆ పిల్లాడు నేనేనని ఆయన ఎన్నిసార్లొచ్చి చెప్పినా, మాట్లాడడని రాసి ఉన్నవాడు ఎలా మాట్లాడతాడని మావాళ్లెవరూ నమ్మలేదమ్మా."