తొమ్మిదో నంబరు డబ్బా

రాజానికి చలిజ్వరం తిరగబెట్టింది.

కబురు వినగానే నర్సు మంజులత రాజం ఇంటికి బయల్దేరింది. వానకాలంలో తిరుమలగిరి చుట్టుపక్కల చలిజ్వరం కొత్తేమీ కాదు. కానీ తగ్గిన జ్వరం మళ్లీ రావడం ఇప్పుడే చూస్తోంది. అదీ మాత్రలు రేకు డబ్బాల్లో ఇచ్చాకే. ఈ వారం ఇది ఆరో ఇల్లు.

ఆ డబ్బాలు ఆమె బుర్రలో పుట్టినవే. అంతకుముందు మాత్రలు కాగితం పొట్లాల్లో ఇచ్చేవాళ్లు. కారే కప్పుల కింద అవి రెండోరోజుకే నాని పిండయ్యేవి. ఆ చేదు పిండిని జనం తిట్టుకుంటూ నాకేవాళ్లు. మంజులత పలక మీద బొమ్మ గీసి ఇచ్చింది. రేకుపని చేసే సాయిలు కిరసనాయిలు డబ్బాల రేకు కత్తిరించి, గుప్పిట్లో పట్టే ఇరవై డబ్బాలు చేశాడు. మూతల మీద నంబర్లు చెక్కాడు.

"వారానికి పద్నాలుగు మాత్రలు. డబ్బా మాత్రం తిరిగియ్యాలె, ఇంకొకరికి కావాలె" అని మంజులత ఇల్లిల్లూ తిరిగి మరీ చెప్పింది.

రాజం మగ్గం పక్కన మూడు గొంగళ్ల కింద వణుకుతోంది. ఐదో నెల కడుపు. జ్వరం ముదిరితే రెండు ప్రాణాలు.

అత్త గుర్వమ్మ గడపలోనే ఎదురైంది. మొన్న గుర్వమ్మ పచ్చడి పెట్టిచ్చిన గిన్నెను మంజులత ఆమెకు తిరిగిచ్చింది. అందులో బెల్లంముక్క చూసి అంత బాధలోనూ గుర్వమ్మ మొహం విప్పారింది.

"మాత్రలు వేళకు మింగినవా రాజం?"

"పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. నువ్వు చెప్పినట్లే మింగిన నర్సమ్మా. నాలుగొద్దులకే తగ్గింది. మళ్ల గిట్లయింది."

మంజులతకు కాలు నిలవలేదు. నేరుగా సాయిలు కొట్టుకు పరుగెత్తింది.

"రేకులో ఏమన్నా విషం ఉందా? మందు చెడగొడుతోందా?"

"ఏం మాట తల్లీ! మూడుసార్లు బూడిదేసి తోమిన. నా పిల్లలు గసొంటి డబ్బాలల్లనే అటుకులు తింటరు."

అయినా ఆమె మనసు కుదుటపడలేదు. మంచి చేయబోయి ఊరి మీదికి చావు తెచ్చానా? దవాఖానకు వచ్చేసరికి ఆయా బిక్షమ్మ, ఆ పొద్దున ఇళ్లనుంచి తిరిగొచ్చిన డబ్బాల సంచిని గలగలలాడిస్తూ మూలకు ఈడుస్తోంది.

"గవి బావిల పడేయ్ బిక్షమ్మా! పొట్లాలే నయం."

"అయ్యో, ఇరవైకి ఇరవై వచ్చినయమ్మా. ఒక్కటి పోలే!"

మంజులత విసురుగా సంచిలో చెయ్యి పెట్టింది. తొమ్మిదో నంబరు దొరికింది. రాజానిది. విడిగా చేతిలోకి తీసుకున్నా అది గలగలమంది.

మూత తీసింది. నాలుగు మాత్రలు. పదో నంబరు తీసింది. మూడు. పదకొండులో నాలుగు.

మందు కోసం వెనకాలే వచ్చిన గుర్వమ్మ ముందు ఆమె ఆ మూడు డబ్బాలూ పెట్టింది.

గుర్వమ్మ సిగ్గుపడుతూ నవ్వింది. "ఒకరిచ్చిన గిన్నె ఒట్టిగ ఎట్ల తిరిగిస్తం బిడ్డా, ఒకటి రెండు పెడితె ఏం బాగుంటదని, జ్వరం తగ్గంగనే నాలుగు మాత్రలు మింగకుండ ఉంచుమని కోడలికి నేనే చెప్పిన."