స్థానికులకు మాత్రమే

"అమ్మా, లే. ఆ కుర్చీ ఆఫీసర్ మేడమ్‌ది."

ముందు వరుసలో కూర్చున్న ఆమె లేచింది. కానీ వెళ్ళలేదు. పక్క కుర్చీలో కూర్చుంది.

గోవర్ధన్‌కు ఒళ్ళు మండింది. అసలే పొద్దుటి నుంచీ మండుతూనే ఉంది. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెప్పించి కమ్యూనిటీ హాలు నింపితే, పట్టుమని పదిమంది రాలేదు.

అశోక్‌నగర్‌లో ఆ గల్లీ కాలనీ సంఘానికి అతను కార్యదర్శి. అతని గేటుకు ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో చెత్త పాయింట్ పెడతారట. చుట్టుపక్కల చెత్త బండ్లన్నీ అక్కడికే వచ్చి దింపుతాయట. ఇంట్లో భార్య రాజకుమారికి ఆయాసం. కాస్త దుమ్ము లేస్తేనే ఊపిరాడదు. ఇక చెత్త తెచ్చి గుమ్మం ముందు పోస్తే మనిషి దక్కుతుందా?

ఎవరు నిర్ణయించారని చిక్కడపల్లి మున్సిపల్ ఆఫీసులో అడిగితే నారాయణగూడలో అడగమన్నారు. నారాయణగూడలో అడిగితే ఫైలు పైకి పోయిందన్నారు. ఎంత పైకో చెప్పిన పుణ్యాత్ముడు లేడు.

తిరగ్గా తిరగ్గా చివరికి ఇవాళ వార్డు సభ పెట్టారు. జనం ముందే అడుగుతారు, జనం ముందే రాసుకుంటారు. చెత్త పాయింట్ వద్దని సభ తీర్మానిస్తే పని ఆగిపోతుంది. ఇంతలో ఈమె ఒకతె.

"ఎక్కడినుంచి వచ్చినవమ్మా?"

"ఎన్క బస్తీల ఉంట సారు. బుగ్గమ్మ నా పేరు. చెత్త జాగ ముచ్చట మాట్లాడుదామని వచ్చిన."

"మీ ఊరేది?"

"పాలమూరు దిక్కు. బిల్డింగ్ పనికొచ్చి ఈడనే ఉన్నం."

"చూడమ్మా, ఇది లోకల్ వాళ్ళ మీటింగు. మీరు ఇయ్యాల ఈడుంటరు, రేపు పని దొరికిన కాడికి పోతరు. మీకెందుకు ఈ లొల్లి?"

"చెత్త బండి మైకుల చెప్పిండ్రు కద సారు, అందరు రావాలె అని."

"మైకుల సవాలక్ష చెప్తరు!"

హాస్టల్ నడిపే ఫణీంద్ర దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఈమెను చూసి బస్తీ అంత వస్తది. నల్లా వస్తలేదు, లైటు వెలుగుతలేదు అని మొదలువెడ్తరు. మన ముచ్చట మూలకు పడ్తది."

నిజమే అనిపించింది గోవర్ధన్‌కు. ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరిగింది ఎవరు? మైకు ముందు నిలబడేది ఎవరు?

"ఏం చెప్పాల్నో మేం చెప్తం. జర నువ్వు పోమ్మా."

"నా మాట గూడ నువ్వే చెప్తవా సారు?"

"అందరి మాట నేనే చెప్త! పో!"

బుగ్గమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"మంచిది సారు. చెప్పు," అని వెళ్ళిపోయింది.

ఆఫీసర్ సంయుక్త టైముకే వచ్చింది. గోవర్ధన్ ఆవేశంగా మాట్లాడాడు. రాజకుమారి ఆయాసం గురించీ చెప్పాడు. వచ్చిన కొద్దిమందీ చప్పట్లు కొట్టారు.

"బాగా చెప్పారండీ," అంది సంయుక్త. "ఇక తీర్మానం పెట్టండి, పంపిస్తాను. ఈ వార్డు ఓటరు ఒక్కరు పెడితే చాలు. మీ ఓటు ఇక్కడే కదా?"

గోవర్ధన్ ఫణీంద్రవైపు చూశాడు. తమ్ముడు సర్పంచ్‌గా నిలబడ్డప్పుడు తన ఓటూ, భార్య ఓటూ ఊరికి మార్పించాడు. తమ్ముడు ఓడిపోయాడు. ఓట్లు అక్కడే ఉండిపోయాయి.

"నాది ఊర్ల ఉంది మేడమ్. ఫణీంద్రా, నువ్వు పెట్టు."

"నాది కాచిగూడల ఉందన్నా. పెండ్లికి ముందటిది. మార్పిద్దాం మార్పిద్దాం అనుకుంటనే..."

"విద్యావతి గారూ?"

పక్కింటి విద్యావతి తల దించుకుంది. "ఉప్పల్ల ఫ్లాట్ కొన్నప్పుడు మా కొడుకు అందరివి ఆడికే మార్చిండు."

కాలనీలో అందరికన్నా పాతవాడు కిషన్ రావు. ఆశగా అందరూ ఆయనవైపు తిరిగారు.

"నాది ఈడనే ఉండె. తీసేసిండ్రంట."

"ఎప్పుడు?"

"ఏమో. ఎలక్షన్ నాడు సెలవు కద. మేం గుట్టకు దర్శనానికి పోతం. చూస్కోలే."

మిగిలినవాళ్ళు ఫోన్లలోకి తలలు దూర్చారు. గల్లీకి గేటు పెట్టించుకున్నారు, గేటుకు కెమెరా పెట్టించుకున్నారు. ఓటు ఎక్కడుందో మాత్రం ఒక్కడూ చూసుకోలేదు.

"ఇంటి టాక్సు కట్టేది మేమే కద మేడమ్!" అని అరిచాడు గోవర్ధన్.

"రూలు నేను రాయలేదండీ."

"జర ఆగండి, ఎవరినన్న తోల్కొస్త."

"నోటీసులో ఇచ్చిన టైము అయిపోయింది సార్. నేను ఇంకో సభకు పోవాలి."

ఆమె మైకు అందుకుని, తీర్మానం ఏదీ రాలేదని అందరికీ వినిపించేలా ప్రకటించింది. తర్వాత బండెక్కి వెళ్ళిపోయింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

గోవర్ధన్ కుర్చీలో కూలబడ్డాడు. ఇంటికి పోయి రాజకుమారికి ఏం చెప్పాలి? కిటికీలు మూసుకుని బతకమనా?

హాలు చూసుకునే ఈదయ్య కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చుతూ దగ్గరికొచ్చాడు.

"బుగ్గమ్మ మాట్లాడిందా సార్?"

"ఆ బస్తీ ఆమెనా?" విసుక్కున్నాడు గోవర్ధన్. "బయటి మనిషితోని ఏం మాట్లాడిపిస్త? పొమ్మన్న."

ఈదయ్య చేతిలో కుర్చీ ఆగిపోయింది.

"బయటి మనిషేంది సార్? ఎలక్షన్ బూతు ఈ హాల్లనే కద పెట్టేది... ఏ ఎలక్షనైన పొద్దుగాల నేను తాళం తీసేసరికి లైన్ల అందరికన్న ముందు నిలవడి ఉండేది ఆమెనే."