తక్కువ వచ్చే మూట

"కొంగు దులుపు!"

తిప్పేస్వామి అరుపుకి షెడ్డులో ఆడవాళ్ళ చేతులన్నీ ఆగిపోయాయి. ఈశ్వరి లేచి నిలబడి కొంగు దులిపింది. సద్దిగిన్నె కూడా తెరిచి చూపించింది. రాగిసంకటి, కాస్త ఊరిబిండి పచ్చడి. అంతే.

హిందూపురంలో పప్పు పొట్లాలు కట్టే షెడ్డు అది. ఎవరికిచ్చిన మూటలోని కందిపప్పును వాళ్ళు, కవరుకు ఒక రేకుడబ్బా లెక్కన పోయాలి. మూతిని బ్లేడుకు ఆనించి మడిచి, కొవ్వొత్తి మంటకు అతికించాలి. ఎవరి మంట వాళ్ళు చూసుకోకపోతే వేళ్ళు కాలతాయి. ఆ అరకిలో పొట్లాలు పెనుకొండ, ధర్మవరం అంగళ్ళదాకా పోతాయి.

"అందరి మూటలూ ఒక లెక్కన వస్తాండాయి. నీ మూటలో మాత్రం ఎప్పుడు చూసినా పొట్లాలు తక్కువ. కందిబ్యాళ్లు యాడికి పోతాండాయి?" అన్నాడు షెడ్డు యజమాని తిప్పేస్వామి.

"నాకు తెల్దన్నా."

"కాళ్ళొచ్చి పోయింటాయిలే," అంది పక్కనున్న మారక్క. కొందరు నవ్వారు. "మా ఇంట్లోనూ ఇదే కథ. ఈ పొట్లమే కొనుక్కుపోతా. వారం రావల్లా? మధ్యలోనే డబ్బీ ఖాళీ. నా కోడలు వాళ్ళమ్మోళ్ళకు మోస్తాదని నాకెప్పుడో అనుమానం."

ఈశ్వరి నవ్వలేదు. నల్లచెరువు నుంచి పనికోసం వచ్చిన కొత్తలోనే, ఆమె మొగుడు కట్టడం పనిలో సారువ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. గదిలో మంచం మీదున్నాడు. దొంగ అన్న పేరు వస్తే హిందూపురంలో ఏ షెడ్డూ గడప తొక్కనివ్వదు. ఆమెకు పూచీ ఉన్న ఉలిగమ్మ పెద్దమ్మకు కూడా ఈ పని పోతుంది.

"కర్పూరం ఆర్పి చెప్తావా?" అన్నాడు తిప్పేస్వామి.

"వద్దప్పా," ఉలిగమ్మ అడ్డం వచ్చింది. "మొగుడు మంచంలో ఉండాడు. ఆ పిల్లతో దీపం ఆర్పిస్తావా?"

"ఏమీ తీసుకోనిదానికి భయమెందుకు?"

అబద్ధం చెప్పి కర్పూరం ఆర్పితే ఇంటి దీపం ఆరుతుందని అక్కడ అందరి నమ్మకం. ఈశ్వరి గోడకున్న దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించింది. "గింజ కూడా తీసుకోలేదు," అని అరచేత్తో మంట ఆర్పేసింది.

తిప్పేస్వామి మొహం పాలిపోయింది.

"అయితే నా ముందర కూచో. కట్టు. నేను చూస్తా."

ఈశ్వరి కాలిన అరచేతిని చీరకు తుడుచుకుని కూర్చుంది. డబ్బాను పప్పులో ముంచి ఎత్తింది. అంచు మీద పప్పు గోపురంలా నిలిచింది. ఒక్క గింజ కింద పడకుండా కవర్లోకి వంచింది.

"ఏయ్! పైన చేత్తో తుడవ్వా?"

"ఏం తుడిచేదన్నా?"

"అంచు కాడికి తుడిచి పోయల్లని నీకెవరూ చెప్పలేదా?"

ఉలిగమ్మ తల వంచుకుంది. అతికించడం నేర్పింది గానీ, కొలవడం కూడా నేర్పాలని ఆమెకు తోచలేదు.

"మా ఊర్లో గింజలు ఇట్లనే కొలుస్తారన్నా," అంది ఈశ్వరి. "తుడిచి పోస్తే మా అవ్వ చెయ్యి మీద కొట్టేది."

"అమ్మ తల్లీ! నా సొమ్ముతో ధర్మం చేస్తాండావా ఇన్నాళ్ళూ?"

అందరూ గొల్లుమన్నారు. ఈసారి ఈశ్వరి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. దొంగ కాదు, అది చాలు.

"సరేలే, పొండి పనికి," అన్నాడు తిప్పేస్వామి.

మారక్క ఒప్పుకోలేదు. ఆ పొట్లం అందుకుని అతని బల్ల మీదున్న తక్కెడ దగ్గరికి నడిచింది. "ఉండన్నా. ఎంత ఎక్కువ పోసిందో తెలియల్ల గదా, కూలిలో పట్టుకునేకి."

"అక్కా, అదిప్పుడెందుకు? పెట్టు కింద!" అంటూ తిప్పేస్వామి గబుక్కున లేచాడు.

మారక్క అప్పటికే అరకిలో గుండు ఒక తట్టలో వేసి, ఈశ్వరి కట్టిన పొట్లం రెండో తట్టలో పెట్టి చెయ్యి తీసేసింది. రెండు తట్టలూ గాలిలో సమంగా నిలిచాయి.