ఇస్త్రీపెట్టె అడిగిన లెక్క

ఇంట్లో ఏ కరెంటు వస్తువైనా మన చేత లెక్క చెప్పించుకుంటేగానీ పనిచెయ్యని రోజులవి. ముహూర్తం ముంచుకొస్తుంటే పెళ్లికొడుకు సన్యాసిరావు ఇస్త్రీపెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వోల్టేజి రెండువందల ముప్పయి, కరెంటు అయిదు ఆంపియర్లు. పవరెంత?" అంది పెట్టె.

"గుణిస్తే పదకొండువందల యాభై వాట్లు."

"శభాష్. మరి రెసిస్టెన్సు?"

"అదీ పదకొండువందల యాభయ్యే!"

"దానికి భాగించాలి నాయనా! నలభయ్యారు ఓమ్‌లు. తప్పు చెప్పావు కనక గంటసేపు వేడెక్కను."

"నీకు దండం పెడతాను, ఇవాళ నా పెళ్లి తల్లీ!" అని బతిమాలినా అది కరగలేదు.

నలిగిన చొక్కాతోనే పీటల మీద కూర్చున్నాడు. తనను ఒట్టి మొద్దనుకుంటుందేమోనని పెళ్లికూతురు హైమావతి వైపు చూడలేకపోయాడు. తీరా జీలకర్ర బెల్లం పెట్టబోతే ఆమె జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇదేటండీ, ఇలా తడిసిపోయారు?" అన్నాడు గుసగుసగా.

"జుట్టు ఆరబెట్టే మిషను రెసిస్టెన్సు అడిగిందండీ," అంది హైమావతి సిగ్గుపడుతూ. "భాగించాల్సింది, గుణించేశాను."

సన్యాసిరావు పగలబడి నవ్వాడు. జీలకర్ర బెల్లం జారి పురోహితుడి ఒళ్లో పడింది.