వారం వారం చేప

"సోములొక్కడే కళ్ళారా సూసినాడు బాబూ. కళింగపట్నంలో మా సెల్లి ఇంట్లో దాసినాం. మీకు తప్ప ఎవులికీ సెప్పలేదు," అంది దాలమ్మ, శ్రీకాకుళంలో ప్లీడరు ఇంటి అరుగు కింద నిలబడి.

ఆమె కొడుకుని కొట్టి చంపిన పడవల షావుకారు గణపతిరావు మీద కేసు నడపాల్సింది ఈ కొత్త సర్కారు ప్లీడరే. ఆయన అంతా శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నాడు.

ప్లీడరు భార్య గుమ్మంలోకి వచ్చి దాలమ్మ చేపలబుట్ట చూసింది.

"గణపతిరావుగారు పంపారా? ఈయన సర్కారు ప్లీడరయ్యారని, వారం వారం పంపే చేప మానేశారేమో అనుకున్నాను."



దాలమ్మ చెయ్యి చాచింది.

"ఆ కాగితం ఇచ్చీయండి బాబూ. మా సోములు ఏటీ సూడలేదు."